పాలల్లో పుల్లేసిన మాలకొండమ్మ

మాల్యాద్రి కూతురు మాలకొండమ్మ ఉందే, ఆ పిల్ల ఎనిమిది పాసయ్యింది. మనూరి బడి ఎనిమిదితో సరి గదా, తొమ్మిదికి రేగళ్ళపాడు పోవాల, బస్సెక్కి. ఆ పిల్లకేమో పోవాలని మహా ఆశ. మాల్యాద్రి నాకు మరిది వరస, మంచోడే, కాకపోతే ఊరి నోటికి జడిసే మనిషి. ఆయన ఏమన్నాడంటే, పంపిస్తా, పంపించనని గాదు, ఈ ఎండాకాలం సెలవులు దాటేలోపల నీ మీద ఎవరి నోటైనా ఒక్క మాట నా చెవినబడిందా, హైస్కూలు లేదు గీస్కూలు లేదు, గేదెలెంట పోవడమే అన్నాడంట. సరే నాయనా అనింది. అని ఊరుకుందా? ఊరుకుంటే నాకీ కతెందుకు, మీకు వినడమెందుకు. ఒసే రవణా, ఆ చింతపండు ఇట్టా జరుపు, వింటా చేతులాడించు.

ఏమైందంటే, అంతకుముందేడు తొమ్మిది జదివిన పిల్లెవరో తన పాత సైన్సు పుస్తకం ఇచ్చి, ఒక మాట జెప్పిందంట. ఆడ సైన్సు సారు పుస్తకంలోది అప్పజెప్పమనడంట, చేసి చూపించమంటాడంట, చెయ్యలేనోళ్ళని వెనక బల్లకి పంపుతాడంట. నిజమో అబద్ధమో నాకు దెలవదు. ఇంక ఆ పిల్లకి తిండి సయించలా. జొన్నదంటు చీరి బెండు దీసింది, కిందన మేకు గుచ్చింది, పైన మైనం పూసింది, పెన్నుతో పైనుంచి కిందకి ఒకటి రెండని గీతలు గీసింది. ఇంత జేస్తే ఏమైంది? జానెడు పుల్లయ్యింది. ఆ పుల్లని నీళ్ళల్లో ఏస్తే నిటారుగా తేలుద్ది. ఒట్టి నీళ్ళల్లో ఒకటో గీతదాకా మునుగుద్ది, చిక్కటి పాలల్లో నాలుగో గీత కాడే ఆగుద్ది. పల్చటిదాంట్లో కిందకి, చిక్కటిదాంట్లో పైకి, అంతే దాని సంగతి.

కుడితిలో ఏసింది, ఉప్పునీళ్ళల్లో ఏసింది, మజ్జిగలో ఏసింది. ఇంట్లోవన్నీ అయిపొయినయ్యి, ఇంక ఊరిమీద పడింది. ఒకరోజు తెల్లారి నేను గేదె కాడ కూర్చోనుంటే వచ్చింది. పెద్దమ్మా, పితికిన పాలల్లో ఒక్కసారి పుల్లేసి తీస్తా అనింది. ఏందే అన్నా. చిక్కదనం చూడ్డానికి పెద్దమ్మా, బడికి అనింది. నాకు అప్పుడే అనుమానం గొట్టింది. బడికి పుస్తకం గావాల, పెన్ను గావాల, నా గేదె పాలతో బడికేం పని? వద్దంటే ఈమె ఎందుకొద్దంటందీ అనుకోదా, చూస్కో అన్నా. ఏసింది, చూసింది, నా మొహం చూసింది, నడుమున దోపుకున్న చిన్న పుస్తకం దీసి ఏందో రాసుకోని పొయ్యింది. అది నాకు అస్సలు నచ్చలా.

అట్టా ఇల్లిల్లూ తిరిగింది, పాలు పితికే యాళకే. మా కోటమ్మ ఏమనిందంటే, మేకు గుచ్చిన పుల్ల అక్కా, చేతబడే, గేదెల పొదుగులు ఎండబెట్టడానికే అనింది. ఎర్రిదానా, చేతబడి గాదు, ఇది బెమ్మయ్య పని అన్నా నేను. బెమ్మయ్యంటే పాలకేంద్రంలో మన పాలు పోయించుకునేవాడు. ఎండాకాలం గేదెలు పాలు తగ్గిస్తయ్యి, చెంబు నిండదు, కేంద్రంలో పోసేది మాత్రం తగ్గదు. ఎట్టాగో మీకు దెలుసు, నాకు దెలుసు, నా చేత జెప్పించబాకండి. సరిగ్గా ఆ వారమే బెమ్మయ్య ఎన్నడూ తియ్యని గాజు గొట్టం బయటికి దీసి, పాలల్లో ఏసి చూసి, నీళ్ళ పాలని అయిదు క్యాన్లు ఎనక్కి పంపాడు. పిల్ల పుల్లేసిన వారమే బెమ్మయ్య గొట్టమేశాడంటే, ఆయనకి ఎవరు మోసినట్టు? ఆడోళ్ళమంతా మాల్యాద్రి వాకిట్లోకి పొయ్యాం. నేనే ముందు. అవునమ్మా, నేనే, దాచుకునేదేముంది.

మాల్యాద్రి తల దించేసుకున్నాడు. నేనేం జెప్పానే నీకు, ఆ పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించు, రేపట్నుంచి గేదెలెంట పో అన్నాడు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగినయ్యి. "నేనెవరికీ జెప్పలా నాయనా. చూసింది రాసుకున్నా, అంతే" అనింది. రాసుకున్నా అనేసరికి మా గుండెలు జారిపొయినయ్యి. ఏం రాసింది? ఎవరిచేతైనా చదివిద్దామంటే ఆ వీధిలో చదువొచ్చినోడు బెమ్మయ్య ఒక్కడే, ఆయన్ని పిలిచేదెవరు? కాల్చెయ్యండి అనింది కోటమ్మ. ఆ పిల్ల పుస్తకం గుండెకి అదుముకోని, కాల్చండి, వినైనా కాల్చండి అని తనే చదివింది. కోటమ్మత్త ఇల్లు, నాలుగో గీత, చిక్కటి పాలు. నర్సమ్మక్క ఇల్లు, నాలుగో గీత, చిక్కటి పాలు. ఇంటి తరవాత ఇల్లు, అందరివీ చిక్కటి పాలే. ఎందుకుండవు? పొదుగు కింద చెంబులోనే గదా పుల్లేసింది!

ఇంక చూడు మా వాళ్ళ సంబరం. మా పాలు బంగారం, బెమ్మయ్య గొట్టమే దొంగ గొట్టం, పదండి అడుగుదాం అని లేచారు. అప్పుడు మాల్యాద్రి తలెత్తాడు. "పదండి, నేనూ వస్తా, పుల్ల గూడా తెస్తా. ఇంటికాడ చిక్కగా ఉన్న పాలు కేంద్రం కాడికి పొయ్యేసరికి పల్చబడినయ్యంటే దారిలో ఏమయ్యిందో చూద్దాం. వదినా, ముందు నీ క్యాను పట్టుకురా" అన్నాడు. కదిలితే ఒట్టు! ఒకామెకి పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది, ఒకామెకి బిడ్డ ఏడుపు వినబడింది, ఆ బిడ్డకి పన్నెండేళ్ళు. కోటమ్మయితే, ఎందుకులే మాల్యాద్రీ, చదువుకునే పిల్ల, పంపించు, ఆడ హాస్టలుంటే హాస్టల్లోనే బెట్టు అనింది. పంపించు పంపించని అందరూ. పిల్ల ఊళ్ళో ఉంటే గదా పుల్ల ఊళ్ళో ఉండేది.

బడి తెరిచారు. బస్సు పాలు పితికే యాళకే వస్తది, అందరికీ ప్రాణం లేచొచ్చింది. మొదటిరోజు నేనే దగ్గరుండి ఎక్కించడానికి పొయ్యా, ప్రేమ గాదు, ఎక్కుద్దో లేదో అని. బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి జరిగి, పెద్దమ్మా, ఆరోజు నీ ఇంటిది చదవలా నేను అనింది. అప్పుడుగాని నాకు తట్టలా. ఎందుకే అన్నా. "నీ పాలు పొదుగు కాడే రెండో గీత పెద్దమ్మా. చెంబులో ముందే నీళ్ళు పోసుకోని పితుకుతావు గదా" అనింది. దాని చదువు మాన్పించడానికి ముందు పొయ్యిందాన్ని నేను. నా పరువు దాని చేతిలో ఉంటే, ఒక పేజీ తిప్పేసి కాపాడింది. సిగ్గుతో చచ్చాననుకో. అయినా నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? ఎవరికైనా జెప్పావా అన్నా. "చూసింది రాసుకున్నా, అంతే" అని బస్సెక్కింది.

ఇదమ్మా సంగతి. ఇప్పటికీ ఎండాకాలం సెలవులిచ్చి ఆ పిల్ల బస్సెక్కకుండా ఊళ్ళో ఉందంటే, నేను చెంబు కడిగి, బోర్లించి, గుడ్డతో తుడిచి మరీ పితుకుతా. మిగతా రోజులంటారా? చింతపండు జూడండే, గింజలు మిగిలిపోతన్నయ్యి.