ఉడత చొక్కా

కంపెనీకి పంపిస్తారా? ఊడింది ఒక్క బొత్తామండీ! దానికోసం డబ్బాలో పెట్టి, చీటీ రాసి, వారం రోజులు ఎదురుచూస్తారా? ఇరవై ఏళ్ళుగా ఈ గదిలో నా కుట్టుమిషను టకటకలాడుతూనే ఉంది. వీధిలో సగం మంది ఒంటిమీద నా కుట్టే. మీ బొత్తాం దగ్గరికొచ్చేసరికి నా సూదికి తుప్పు పట్టిందా?

ఆగండి, "ఇది ఉడత చొక్కా, నీకు తెలీదు" అంటారు, అంతేగా? తెలుసులెండి. మీరు పనిచేసే షోరూం తలుపు మీద కంపెనీ గుర్తు ఉడత, మీ సంచీ మీద ఉడత, ఆఖరికి మన తువ్వాలు మీద కూడా ఉడతే. అది కాక ఈ ఇంట్లో ఇంకో జీవం ఉందన్న సంగతి తమరికి గుర్తుందా అని!

పొద్దున ఏమన్నారు? వీధి చివర గది అద్దెకి తీసుకుని కుట్టుకొట్టు పెడతానంటే, చేతిలో పేపరైనా దించకుండా "పేరూ బొమ్మా లేని కుట్టుకి ఎవరొస్తారే పిచ్చిదానా" అనేశారు. గది ఆయన పదకొండింటికి వస్తానన్నాడు. పక్కన నిలబడి అద్దె కాగితం మీద ఒక్క సాక్షి సంతకం పెట్టమన్నాను. ఆస్తి రాసిమ్మన్నానా?

సరే, చొక్కా ఇటివ్వండి. ఇవ్వరా? అలా గుండెకి హత్తుకుంటారేంటండీ, చంటిపిల్లాడిని లాక్కుంటున్నట్టు!

అబ్బా, ఇక చెప్పక తప్పేలా లేదు. కూర్చోండి. దాన్ని కంపెనీకి పంపితే నవ్వులపాలయ్యేది మీరే. ఎందుకంటే అది వాళ్ళది కాదు.

నకిలీనా? ఆ మాటంటే ఊరుకోను, చెప్తున్నా. అది నాది.

రెండేళ్ళ కిందట మీ అసలు చొక్కా ఇస్త్రీ చేస్తూ, మా అక్కతో ఫోన్లో కబుర్లలో పడ్డాను. చూసేసరికి వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, నల్లగా! అదే రంగు గుడ్డ తెచ్చి, అన్నం కూడా తినకుండా, మీరు ఇంటికొచ్చేలోపు కుట్టేశాను. కాలర్లో కంపెనీ పేరున్న పట్టీ, జేబు మీద ఉడత, రెండూ విప్పి దీనికి తగిలించాను. తోక ఎక్కడ చిరుగుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాననుకోండి.

మర్నాడు తమరు తొడుక్కున్నారు. "చేత్తో తడిమితే చాలు, అసలేదో నకిలీ ఏదో చెప్పేస్తా" అనే తమరే! అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, నన్ను పిలిచి మరీ చొక్కా చేతి కుట్టు తిరగేసి చూపించలేదూ? "చూశావా, పనంటే ఇదీ. నేర్చుకో" అనలేదూ? నేర్చుకున్నానండీ. నా దగ్గరే నేర్చుకున్నాను!

వంటింట్లోకెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వీ నవ్వీ ఏడుపొచ్చింది.

ఏంటలా చూస్తారు? అంతకుముందు మూడు చొక్కాలు కుట్టాను మీకు, గుర్తుందా? ఒక్కటీ గడప దాటలేదు. "ఇంట్లోకి పర్లేదు" అన్నారు. ఇదైతే ఏకంగా షోరూంకే తొడుక్కెళ్ళారు. మీ యజమాని మెచ్చుకున్నాడని మీరే వచ్చి చెప్పారు.

నిజం చెప్పనా? ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. మీరంత మురిసిపోతుంటే నోరు రాలేదు. ఆ తర్వాత... చెప్పబుద్ధి కాలేదు. మీరది వేసుకున్నప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడతాను, మీరు వీధి మలుపు తిరిగేదాకా. నా కుట్టు మీ ఒంటిమీద బయటికెళ్తుంటే చూడాలని. ఉడత చాటునైతేనేం అనుకున్నాను.

ఇదిగో కత్తెర. ఉడతని ఉంచుకుంటారో, విప్పేస్తారో మీ ఇష్టం. గది ఆయన వచ్చే వేళయింది. సంతకం పెడతారో లేదో అదీ మీ ఇష్టమే.

కానీ ఆ ఊడిన బొత్తాం కుట్టిన చెయ్యి ఇది. మళ్ళీ కుట్టాల్సిందీ ఇదే. ఇటివ్వండి.