కూరగాయల ఆటల చింటుగాని బోణీ

“తాతా, రేపు మా బడిల చిన్నపిల్లలకు ఏం ఆట పెట్టాల్నో తోస్తలేదు. మీ కోడలు నిన్ను బడికి తీస్కపోయిందంట గద, అప్పుడేమైంది?”

అదా స్వప్నా? జర కూసో, చెప్త. చెప్త గానీ, అది చదువో ఆటో నాకిప్పటికీ సమజ్ కాలే. మేం రాత్రిబడిల చదువుకున్నోళ్లం. పొద్దంత నారాయణగూడ మార్కెట్ల కూరగాయలమ్ముడు, చీకటి పడ్డంక చిక్కడపల్లిల పలక పట్టుడు. సారు అక్షరం రాస్తె మేం దిద్దుడు, గంతే. ఆ సారుది అంబర్‌పేట్... కాదు కాదు, హైదర్‌గూడ. సరే, అది వదిలెయ్.

మా కోడలు సుజాత గూడ నీ లెక్కనే, ఎల్‌కేజీ పిల్లలకు చెప్తది. వాళ్ల క్లాసుల చింటు అని ఒక పిలగాడుండె. ఇంట్ల మంచిగ మాట్లాడ్తడట, బడిల మాత్రం నోరు బంద్. ఈ నెల గూడ ఇట్లనే ఉంటే వేరే బడి చూస్కొమ్మని వాళ్ల అమ్మానాయినలకు చెప్త అన్నది పెద్ద మేడమ్. సుజాతకు అన్నం సయించలే. ఆఖరికి కూరగాయల దుకాణం ఆట పెట్టి, నన్ను దుకాణంల కూసోబెట్టింది. పిల్లలు కాయితం నోటు తెచ్చి కూరగాయ పేరు చెప్పాలె. పేరు చెప్పకుంటే ఇయ్యొద్దు మామయ్యా అని ఇంటికాడ్నే మళ్లమళ్ల చెప్పింది.

ఇగ జూడు. పెద్ద మేడమ్ వెనక కుర్చీల కూసుంది. మొట్టమొదలు చింటుగాడే వచ్చిండు. కాయితం చాపి, టమాట దిక్కు వేలు చూపెట్టిండు. మాటైతే రాలే. ఇయ్యకు, ఇయ్యకు అని సుజాత కండ్లతోని సైగ చేస్తది. నాకు పరేషాన్. ఆటనే గానీ, దుకాణమైతే దుకాణమే గద? తొలి బేరాన్ని ఉత్తచేతుల్తోని ఎట్ల పంపుత? బోణీ గద. నా ఉమర్ల ఎన్నడు పంపలే. టమాట చేతిల పెట్టిన, ఆ కాయితాన్ని కండ్లకద్దుకున్న.

సుజాత మొఖం మాడిపోయింది. పిలగాడు మాత్రం పోలే. నన్నే చూస్కుంట వచ్చి, నా పక్కన గోనె మీద కూసున్నడు. ఇంతల ఇంకో పిల్ల వచ్చి, వంకాయ అని పేరైతే చెప్పింది, కాయితం ఇయ్యకుంటనే తీస్కపోవట్టింది. చింటుగాడు లేచి దాని గౌను పట్టుకున్నడు.

“పైసలియ్యవా?” అన్నడు.

సుజాత కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో. పెద్ద మేడమ్‌కు నాకంటె ఎక్కువ పరేషాన్. పాఠమేమో కూరగాయల పేర్లు, వీడు ఒక్క పేరు గూడ చెప్పలే గద అన్నది. మళ్ల ఆమెనే, నోరైతే తెరిచిండు గద, సరే, పిలగాన్ని ఉండనీ అన్నది.

ఏది నేర్చినట్టో, ఎవరు నేర్పినట్టో నాకైతే ఎరుక లేదు బిడ్డా. రేపు నీకు తోచిందేదో పెట్టు. నీ పిల్లలు నీ పక్కకు ఒచ్చి కూసోవాలె, సల్లగుండాలె నువ్వు. ఇగ పో, అశోక్ నగర్ల మీ హాస్టలోళ్లు గేటు మూస్తరు... గౌను పట్టుకున్నడంటే నమ్మవు, ఆ పిల్ల కాయితం ఇచ్చేదాంక విడువలే గద వాడు...