పసుపు కలిపిన ఇసుక

బరంపురంలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు. హాలు మూల బల్ల మీద ఖాళీ గాజు తొట్టి, దాని ముందు శరత్ చంద్ర, వంటింటి గుమ్మంలో అతని అత్తగారు బుజ్జమ్మ. కూతురు ప్రణతి దగ్గర నాలుగు రోజులుండి పోదామని కొడల నుంచి వచ్చిన మనిషి. అత్తగారి ముందు అల్లుడు గొంతు పెంచకూడదని మన పెద్దలు ఎప్పుడో తీర్మానించేశారు. అప్పటికి ఎవరింట్లోనూ సముద్రపు చేపల తొట్టి లేదు.

"కడిగేరా?"

"కడిగేను బాబూ."

"ఇసకనా?"

"ఇసకనే. నీళ్లు మార్సి మార్సి కడిగితే ఆఖర్ని తేట ఒచ్చింది. బియ్యం కూడా ఇంత సుబ్బరంగా కడగలేదు ఎప్పుడూ."

"అత్తయ్యా, ఆ సంచి మీద పెద్ద అక్షరాలతో రాసుంది. కడగొద్దని."

"ఇంగ్లీషులో రాసుంది గావాల."

"ఇంగ్లీషులోనే."

"అద్దీ. నా కళ్లజోడు కొడల్లో ఉండిపోనాది."

"మీ ముక్కు మీదే ఉంది."

"ఇది దూరం సూపుది."

"అది మామూలు ఇసక కాదత్తయ్యా. ప్రాణం ఉన్న ఇసక. అందులో కంటికి కనబడని జీవాలుంటాయి. చేప తినగా మిగిలిందీ, చేప వదిలిందీ నీళ్లలో విషం అవకుండా అవి తినేస్తాయి. అవి లేకపోతే చేప బతకదు."

"అందుకే గావాల అంత కంపు."

"కంపు కాదు. సముద్రం వాసన."

"ఏ వాసనైతేనేటి. పొద్దున్న మీరు సంచి కొస కత్తిరించగానే, గదిలో ఉన్న ప్రణతి బాత్రూంలోకి పరిగెట్టింది. కక్కుకుంది పిల్ల. సూస్తూ ఎలాగూరుకుంటాను?"

"ఎండుచేపల పులుసు రెండోసారి వడ్డించుకునే మనిషి. ఇసక వాసనకి కక్కుకోడం ఏటి?"

"గ్యాసు."

"నిన్న కూడా గ్యాసే అన్నారు."

"మీ బరంపురం నీళ్లలాటివి."

"సరే. కడిగేరు, అయిపోయింది. తడి మీదైనా ఉందా? తడిగా ఉంటే కొన్నైనా బతికుంటాయి."

"తడెందుకుంటాది? మేడ మీద దుప్పటి పరిసి ఎండబెట్టేను. వడియాల పక్కన."

"ఎండలో."

"మంచి ఎండ. ఎదురింటి మౌసీ పైకొచ్చి ఇదేం రవ్వని అడిగింది కూడాను. గుప్పెడు పట్టికెల్లింది."

"ఎందుకు?"

"అడగలేదు."

"ఉప్మాకి కాదు కదా?"

"తులసి కుండీకంటలెండి. అంత తెలీదేటి ఆవిడకి."

"అత్తయ్యా."

"ఏటి బాబూ."

"నేను కొన్నప్పుడు అది తెల్లగా ఉంది. ఇప్పుడు పచ్చగా ఉంది."

"ఎండలో అలాగే కనబడతాది."

"మనం హాల్లో ఉన్నాం."

"పురుగు పట్టకుండా రవ్వంత పసుపు కలిపేను."

శరత్ చంద్రకి కోపం వచ్చింది. ఆ పని మరొకళ్లు చేసి ఉంటే ఏమనేవాడో తెలియదు గాని, అత్తగారి ముందు మాత్రం గొంతు ఇంకాస్త తగ్గించాడు.

"ఆ పురుగే కావాలత్తయ్యా నాకు. దానికోసమే భువనేశ్వర్ నించి తెప్పించేను."

"పురుగుల్ని పార్సిల్ తెప్పించుకునే ఇల్లని నాకెవరు సెప్పేరు?"

"పోన్లెండి. ఏది బావుంటాదో చూద్దామని ఇంకో రెండు రకాలు తెచ్చి ఉంచేను. ఇవిగో, పళ్లాల్లో పోసేను. ప్రాణం లేని ఇసకే. పోను పోను అందులో అదే పుడతాది, కాస్త ఆలస్యం అవుతాది, అంతే. ప్రణతి దర్జీ దగ్గర్నించి వచ్చేలోగా తొట్టిలో ఇసకా ఉప్పునీళ్లూ పడిపోవాలి. మీద దుప్పటి కప్పేస్తాను. రేపు తన పుట్టినరోజు. పొద్దున్న లేచి హాల్లోకి వచ్చేసరికి దీపం వెలగాలి."

"సేపలేవీ?"

"చేపలు నెల తర్వాత. ముందు నీళ్లు కుదురుకోవాలి."

"ఒట్టి నీళ్లకి దీపం పెడతారు."

"తనకి తెలుస్తాదత్తయ్యా. పూరీ వెళ్లినప్పుడు అక్కడి తొట్టిలో ఆ నారింజ రంగు చేప ముందు నిలబడిపోయి, ఎంత పిలిచినా రాలేదు. ఇలాటిది మనింట్లో ఉంటే ఎంత బావుణ్ణు అన్నాది. నన్ను ఏదీ అడగదు తను. అదొక్కటే అడిగింది. మొదటిసారి ఇదే తొట్టిలో మంచినీళ్ల చేపలు వేస్తే, ఎలా చూసుకోవాలో నాకు తెలీక చచ్చిపోయాయి. మూడు రోజులు ఏడిచింది. ఈసారి అలా కాకూడదు."

"అందుకే తొందరొద్దంటున్నాను. నిదానంగా ఎల్లుండి సూసుకోండి."

"పుట్టినరోజు రేపైతే ఎల్లుండి ఎందుకు? మీరే చెప్పండి, ఈ రెండింట్లో ఏది?"

"ఇది బొంబాయి రవ్వలాగుంది. ఇదేమో సగ్గుబియ్యం. ఇదే బాగుంది, లావుది."

"లావుదైతే సందుల్లో మేత ఇరుక్కుని కుళ్లిపోతాది."

"అయితే సన్నది."

"సన్నదైతే మోటారు తిరిగినప్పుడు లేచి నీళ్లన్నీ మసకేసిపోతాయి. అయినా మీరన్నట్టు సన్నదే నయం. మోటారు కాస్త పైకి పెడతాను. ఆ చేప అడుగున ఇష్టంగా తిరుగుతాదంట. సరే, సన్నదే పోస్తున్నాను."

"ఆగండాగండి. లావుదే నయం."

"ఇప్పుడే కదా సన్నదన్నారు."

"మసకేస్తాదని మీరే అన్నారు. పోనీ రెండూ కల్పీసి పోస్తే?"

"ఉప్మాలో సగ్గుబియ్యం కలుపుతారా అత్తయ్యా?"

"ఎవరూ కలపరు. అయితే రెండూ ఒద్దు. మన గురువమ్మ ఆర్యపల్లి నించి సేపలు తెస్తాది కదా, పొద్దున్నే సెప్పి ఉంచేను. ఎల్లుండి గంపలో ఒడ్డు ఇసక ఏసుకొస్తానన్నాది. సముద్రం సేపకి సముద్రం ఇసక."

"మన ఒడ్డు ఇసక తెలుసు కదా, నల్ల రేణువులుంటాయి. తొట్టి అద్దం తుడిచే అయస్కాంతానికి అంటుకుంటాయి. తుడిచినప్పుడల్లా అద్దం నిండా గీతలే."

"గీతలు పడితే తుడవకండి."

"తుడవకపోతే పాచి పడతాది."

"పాచి సేప తింటాది."

"మీరు నన్ను ఆపుతున్నారా అత్తయ్యా?"

"అల్లుణ్ణి నేనాపడం ఏటి బాబూ. ఎల్లుండి అంటున్నాను, అంతే. అయినా ఈ మూలే ఎందుకు? వంటింట్లో నీళ్ల ఫిల్టరు పక్కన జాగా ఉంది కదా."

"వంటింట్లో పొగ. ఇక్కడైతే ఎండ పడదు, ప్లగ్గు దగ్గర. పైగా సరిగ్గా నెత్తిన కప్పుకి కొక్కెం ఉంది. తొట్టి దీపం దానికే వేలాడదీస్తాను. ఇల్లు కట్టినవాడు దీనికోసమే పెట్టించినట్టున్నాడు."

"దీనికోసం కాదు."

"ఏటన్నారు?"

"కిచ్ఛి నాయ్ బాబూ, ఏటీ లేదు. తర్వాతెప్పుడైనా కావాలంటే ఈ తొట్టిని పక్కకి జరపొచ్చా?"

"నింపేక జరపడం అవదు. నలుగురు మనుషుల బరువుంటాది. తోడి జరుపుదామన్నా, అడుగు ఇసక కదిలిందంటే దాన్లో ఉన్న చెత్తంతా పైకొచ్చి చేపలు పోతాయి. ఒకసారి పోసేమంటే ఏళ్ల తరబడి ఇక్కడే."

"ఏళ్ల తరబడి."

"ఆఁ. ఆ సన్నది ఉన్న పళ్లెం ఇలా అందుకోండి."

"అందుకోను."

"అత్తయ్యా."

"నడుం నొప్పి."

"అయితే ఉండండి, నేనే తీసుకుంటాను. మీరు కాస్త పక్కకి జరిగితే చాలు."

"జరగను. బాబూ, ఒద్దు. పోసేకండి. నేను సేసింది తప్పు, ఒప్పుకుంటున్నాను. కళ్లజోడు దూరం సూపుది కాదు. సంచి మీద రాసింది సదివేను. కడిగితే అందులో జీవాలు సచ్చిపోతాయని తెలుసు."

"తెలిసి కడిగేరా?"

"తెలిసే కడిగేను. పసుపు కూడా తెలిసే కలిపేను. ఇసక పాడైపోతే మీరు ఈ వారం తొట్టి నింపరనుకున్నాను. ఇంకో రెండు రకాలు దాసి ఉంచుతారని నాకేటి తెలుసు? కడిగే ముందు ఆటికో దణ్ణం కూడా పెట్టుకున్నాను."

"నా చేపలంటే అంత కంటగింపా అత్తయ్యా మీకు? ఒక్కమాట చెప్తే నేనే మానేసేవాణ్ణి కదా."

"సేపలేటి సేసేయి నన్ను. నాకు ఆ కొక్కెం కింద జాగా కావాల. అంతే."

"మంచానికా? మా గదిలో వేసుకోండి. మేమిద్దరం హాల్లో పడుకుంటాం."

"నాక్కాదు."

"మరెవరికి?"

"నేను సెప్పకూడదు. నా సేత ఒట్టేయించుకుంది. తనే సెప్పుకోవాలంట. మీరే ఆలోసించండి. మన ఇళ్లల్లో హాలు కప్పుకి కొక్కెం ఎందుకు కొట్టిస్తారు?"

"ఫ్యానుకి."

"ఫ్యాను అదిగో, తిరుగుతోంది."

"మరి పూలకుండీకా?"

"బీయస్సీ పాసయ్యేరు కదా బాబూ మీరు?"

"ఎమ్మెస్సీ."

"మీ అమ్మగారు మిమ్మల్ని దేన్లో ఏసి ఊపేరు?"

"ఉయ్యాల్లో."

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక శరత్ చంద్ర తలెత్తి కొక్కెం వైపు చూశాడు. ఎలాగో అందుకున్న పళ్లెం చేతిలో ఒరిగిపోయి సన్న ఇసుకంతా గచ్చు మీద పడుతోంది. ఆ సంగతి అతనికి తెలియలేదు, బుజ్జమ్మ కూడా చెప్పలేదు.

"ప్రణతి దర్జీ దగ్గరికే వెళ్లిందా అత్తయ్యా?"

"దర్జీ దగ్గరికనే సెప్పమంది. డాక్టరమ్మ కూడా అవునన్నాక రేపు పొద్దున్న మీకు తన నోటితో సెప్పుకుంటాదంట. మీరు దీపం పెడతానన్న వేళకే."

"నిన్నటి గ్యాసు?"

"అదే ఇది."

"ఈ తొట్టి వంటింట్లో పట్టుతాదంటారా?"

"పొగ అన్నారు కదా."

"తుడుచుకుంటాను."

"కొక్కెం గట్టిగా ఉందో లేదో కూడా సూడాలి. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు. అదిగో, బెల్లు. ఒచ్చింది. ఎల్లి తలుపు తియ్యండి. నేను మీకేటీ సెప్పలేదు."

"మీరేటీ చెప్పలేదు. ఉయ్యాలన్నది నేనే."

"ముందు కళ్లు తుడుసుకోండి. ఇదేటని అది అడిగితే ఏటి సెప్తారు?"

"ఇసకలో పసుపు కంట్లో పడిందంటాను అత్తయ్యా."