తాత చెవికి తంబూరా

లాల్‌పేట్‌లో మధ్యాహ్నం. రేపటికి బీపీ దిగితేనే కంటి ఆపరేషన్ చేస్తానని డాక్టరు చెప్పడంతో, బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన తాతను మంచం మీద పడుకోబెట్టి, మనవరాలు ఫోన్‌లో వేణువు పెట్టింది.

“కళ్లు మూసుకో తాతా. ఇది వింటే మనసు ఏక్‌దమ్ శాంత్ అయితది, చూడు!”

“మూసుకున్న.”

“మరి లేచి కూసున్నవేంది?”

“పాట ఆగింది గదా.”

“ఆగలే తాతా! ఆయన ఊపిరి తీసుకుంటుండు. మళ్ల వాయిస్తడు.”

“మాటిమాటికి ఆగుతుండు. పానం మంచిగ లేదా ఆయనకు?”

“అయ్యో, సప్పుడు లేని ఆ జరసేపట్లనే అసలు మజా!”

“బాయిల సప్పుడు ఆగిందంటే లోపటికి గాలి కొట్టే ఫ్యాన్ బందైనట్టు బిడ్డా. చేతిల ఉన్నది పారేసి బయటికి ఉరుకుడే.”

“ఇది బాయి కాదు తాతా, మనిల్లు.”

“నాకెర్కే. కాళ్లకు ఎర్కలేదు.”

“పోనీ, సితార్ పెట్టాల్నా? మస్తుంటది!”

“గాయన ఆగడా?”

“...ఆగుతడు.”

“వద్దు. గీయన ఆగినప్పుడు ఎనక సన్నగ గుయ్యిమంటుంది సూడు, అదేంది?”

“తంబూరా. అది పాట కాదు తాతా, ఊకె శ్రుతి కోసం.”

“అది ఆగుతదా?”

“ఆగదు.”

“గదొక్కటే పెట్టు. సౌండ్ పెంచు.”

“గట్లనే. ఎట్లుంది తాతా? ...తాతా?”

తాత గురక పెడుతున్నాడు. మనవరాలు ఫోన్ వంక చూసి, వంటింటి వైపు మెల్లగా పిలిచింది.

“అమ్మా, జల్దీ చార్జర్ తే. ఇది బందైతే తాత ఉరుకుతడు.”