ముందు బాలింతను చూసిన జమునాబాయి గారు

అందరూ బిడ్డ చుట్టూ మూగిన వేళ, మంచం మీది తల్లి చప్పుడు లేకుండా జారిపోతుంటే తన కంటికి ఆనదేమోనన్నదే రోజారాణికి అన్నిటికన్నా పెద్ద భయం. ఎనిమిదితో బడి మానేసి, ఒక పసివాడి తల్లై, నిరుడు ప్రసూతి వార్డులో ఆయాగా చేరిన ఆమెకు పని నేర్పిన జమునాబాయి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

1992 ఆగస్టు 3వ తేదీన శ్రీమతి జమునాబాయి గారు బిచ్కుందలో ఆయాగా ఉద్యోగ ప్రవేశం చేసి, తదుపరి బాన్సువాడ ప్రసూతి వార్డుకు బదిలీపై విచ్చేసి, నేటి వరకు అవిశ్రాంతంగా సేవలందించారు. వారి ఇంటి భాష మరాఠీ. మనం బాలింత అనే తల్లిని వారింట బాళంతీణ్ అంటారు.

"గీ మాట మీరు మా తాన తీసుకున్నరా, మేమే మీ తాన తీసుకున్నమా అవ్వా?" అని రోజారాణి ఒకనాడు టీ తాగుతూ అడిగింది.

"నాకేం ఎరుక బిడ్డా. రెండు మాటల్ల ముందుగాల బాలుడే కూసున్నడు. తల్లి ఎనుకకు పోయింది. ఎవ్వరికి అగపడది."

వారిలో నెల దాటిన కొన్నాళ్ళకే ఆ పేరు పోతుంది, మనలో మూడో నెల దాకా నిలుస్తుంది. జమునాబాయి గారు పెద్ద గడువునే తన బాధ్యతగా స్వీకరించి, డ్యూటీ దిగి ఇంటికి పోతూ బాలింతల గడపలు తొక్కేవారు.

రోజారాణి కాన్పు నాడు బంధువులందరూ బిడ్డ ముక్కు ఎవరిదో, నుదురు ఎవరిదో తేల్చుకుంటుండగా, జమునాబాయి గారు వాడి ముఖమైనా చూడక తల్లి దుప్పటి ఎత్తారు. అత్తకు మనసు చివుక్కుమంది.

"ఏందమ్మా, మా మనుమడు నీ కండ్లకు ఆనలేదా?"

"వాడు ఏడుస్తుండు గదా అక్కా, మంచిగనే ఉన్నడు. గీ పిల్లనే సప్పుడు చేస్తలేదు."

పరుపంతా నెత్తురు. జమునాబాయి గారి కేకకు డాక్టరమ్మ పరుగున రాబట్టి, ఈ నాలుగు మాటలు రాయడానికి రోజారాణి మిగిలింది.

ఇక ఆ వార్డు రోజారాణిది. డ్యూటీ దిగి గేటు దాకా పోయి, బాలింతలను ఇంకోసారి చూడడానికి మళ్ళీ వెనక్కి వస్తుంది.

"నాకు కనబడకపోతే ఎట్ల అవ్వా?"

"భయమైతే మళ్ల చూడు. ఇంకా భయమైతే ఇంకోపారి చూడు. ఇగ గంతే."

జమునాబాయి గారు నిండు ఆరోగ్యంతో, కంటి నిండా నిద్రతో, కలకాలం చల్లగా ఉండాలని, "తిన్నవా అవ్వా" అని వారిని అడిగే మనిషి రోజూ ఒకరుండాలని రోజారాణి కోరుకుంటున్నది. ఈ సన్మాన సంచిక చేతికందేసరికి మీరంతా సన్మాన సభలో కూర్చుని ఉంటారు. ఆ వేళ వార్డులో ఎవరో ఒక బాలింత తప్పక ఉంటుంది. చదువుతున్న అక్కల్లో ఒకరు దయచేసి లేచి పోయి, ఆమె దుప్పటి ఎత్తి చూసి రండి.