రెండు వందల పద్నాలుగు సంతకాల గుమ్మటం

సభాధ్యక్షత వహిస్తున్న మేయరు శ్రీమతి కార్లా వ్రానోవా గారికి, నేటి సన్మానితులు రోస్తిస్లావ్ హనాక్ గారికి, వారి సతీమణి వ్లాస్తా గారికి, వయసు క్రమంలో ముందు వరుసలో కూర్చోబెట్టబడిన పెద్దలకు, తమ వయసును ఒప్పుకోక వెనుక వరుసలకు వెళ్లిపోయిన మిగతా పెద్దలకు, నక్షత్ర పరిశీలక మండలి సభ్యులకు, మిత్రులకు నమస్కారం.

వీడ్కోలు సభలో మాట్లాడే పురపాలక ఉద్యోగి పైన చెప్పిన వరుసలోనే సంబోధించాలనీ, సంబోధన ముగిసేదాకా ఎవరూ రొట్టెల పళ్లేలను ముట్టరాదనీ మన కామెనోవ్ పట్టణంలో ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని పదకొండేళ్ల క్రితం రాసింది నేనే కనుక, దాన్ని ఇప్పుడే ఉల్లంఘించి గుడ్డుముక్క పెట్టిన రొట్టెను చేతిలోకి తీసుకున్న కొప్రీవా గారిని నేను చూడలేదని నమోదు చేసుకుంటున్నాను. (నవ్వులు) ఫర్వాలేదు, కానివ్వండి. సంబోధన ముగిసింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా నక్షత్ర పరిశీలక మండలికి అధ్యక్షులుగా ఉన్న హనాక్ గారు ఈ రోజు ఆ బాధ్యత నుంచి తప్పుకుంటున్నారు. వారి గుణగణాలను కొనియాడే పని మేయరుగారిది, ఆమె ఆ పని చక్కగా చేశారు. నాకు అప్పగించిన అంశం "పురపాలక కట్టడాల విభాగం, హనాక్ గారి పెరటి వేధశాల: సహకార చరిత్ర" అని ఆహ్వానపత్రంలో అచ్చయింది. ఆ శీర్షికలో ఒక్క మాట తప్పు. "సహకారం" అన్న మాట.

హనాక్ గారు వృత్తిరీత్యా రేకుల పనివారు. ఈ పట్టణంలో వాన కురిస్తే ఆ నీరు నేలకు దిగేది వారు చేసిన గొట్టాల గుండానే. చర్చి గోపురం మీది ఉల్లిగడ్డ ఆకారపు రాగి తొడుగు కూడా వారి చేతిదే. వారికి అరవై ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఒక వసంతకాలపు సోమవారం, చంకలో చుట్టిన నక్షాలతో, అనుమతి కోసం, కట్టడాల విభాగంలోని నా గదికి వచ్చారు. పెరట్లో, ఆపిల్ చెట్టుకూ కుందేళ్ల గూళ్లకూ నడుమ, మూడు మీటర్ల అడ్డుకొలత గుండ్రటి గది, దాని మీద తిరిగే గుమ్మటం, లోపల తామే ఏడాదిపాటు వంటింటి ముక్కాలిపీట మీద అరగదీసిన అద్దంతో టెలిస్కోపు. గుమ్మటానికి పన్నెండు జింకు రేకులు, నారింజ తొనల్లా కోసి అతికేవి. దాని కింద ఉక్కు వలయం, ఆ వలయానికి పాత పాలకేంద్రం తోపుడుబండ్ల చక్రాలు ఎనిమిది. నక్షాలో ఒక్క గీత కూడా వంకర లేదు.

నేను మొదట తప్పు పట్టింది నేలను. టెలిస్కోపు నిలిచే కాంక్రీటు స్తంభం భూమిలోంచి లేచి, గది నేలకు ఎక్కడా తాకకుండా పైకి వస్తుంది. చుట్టూ రెండు వేళ్ల సందు. నేను ఎర్ర సిరాతో "లోపం. పూడ్చవలెను" అని రాశాను.

"ఆ సందే అసలు పని, ట్రీస్కా గారూ," అన్నారు హనాక్ గారు. "నేల తాకిందంటే మనిషి అడుగు వేసినప్పుడల్లా పైన నక్షత్రం వణుకుతుంది."

"నక్షత్రం వణకడం మా విభాగం పరిధిలోకి రాదు," అన్నాను.

"మీ అడుగు వస్తుందిగా!" అన్నారాయన.

అప్పుడు నేను దానికంటే పెద్ద అభ్యంతరం ఒకటి వెతికాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. నియమావళి ప్రకారం, పొరుగువారి స్థలం వైపు తెరుచుకునే ప్రతి కిటికీకీ ఆ పొరుగువారి సమ్మతి సంతకం కావాలి. గుమ్మటంలోని చీలిక ఏ వైపు తెరుచుకుంటుందని అడిగాను. అన్ని వైపులా అన్నారు. ఎంత దూరం దాకా చూస్తారని అడిగాను. ఆయన చాలా నిజాయితీగా ఆలోచించి, శనిగ్రహం దాకా అన్నారు. శనిగ్రహంలో ఆస్తి యజమానులు నమోదై లేరు గనుక, నా చేతిలో ఉన్న ఈ దస్త్రం మీద నేను నా చేతిరాతతో ఇలా రాశాను: "అన్ని దిక్కులలోను దృష్టి ఆనేంత దూరం వరకు గల భూయజమానుల సమ్మతి సమర్పించవలెను."

కొండ అంచుదాకా లెక్కిస్తే అటువంటి యజమానులు రెండు వందల పద్నాలుగు మంది.

మరో మనిషైతే నన్ను తిట్టేవాడు, లేదా జిల్లాకు ఫిర్యాదు రాసేవాడు, లేదా మన వాళ్లందరూ చేసే పని చేసి, అనుమతి లేకుండానే కట్టేసి దానికి కోళ్లగూడు అని పేరు పెట్టేవాడు. (చప్పట్లు) కట్టేసినవాళ్లు చప్పట్లు కొట్టకపోవడం మంచిది, పేర్లు రాసుకోవడానికి నా దగ్గర కాగితం ఉంది. హనాక్ గారు మాత్రం జాబితా మడిచి జేబులో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్లిపోయారు.

మొదటి సంతకం పక్కింటి కొప్రీవా గారిది. అది రావడానికి ఆరు వారాలు పట్టింది.

"నా కుందేళ్లను చూస్తావు," అన్నారట కొప్రీవా గారు.

"నీ కుందేళ్లను చూడ్డానికి నాకు అద్దమెందుకురా, రోజూ మా క్యాబేజీలోనేగా ఉంటాయి," అన్నారట ఈయన.

"అయితే ముందు నాకు శనిగ్రహం చూపిస్తానని రాసివ్వు. వలయంతో సహా."

రాసిచ్చారు. అంతే, ఆ మాట ఊరంతా పాకింది. ఆ తరువాత సంతకం పెట్టిన ప్రతివారూ అదే షరతు పెట్టారు. దస్త్రంలో రెండు వందల తొమ్మిది సమ్మతి పత్రాలున్నాయి, ప్రతి దాని అడుగునా "వలయంతో సహా" అని ఉంటుంది. సభాధ్యక్షురాలి సంతకం నూట పదకొండోది. అప్పటికి ఆమె మేయరు కాదు, అయినా షరతు విడిచిపెట్టలేదు.

(దస్త్రంలో పుట తిప్పుతూ)

రెండో ఏడాది వేసవిలో వ్లాస్తా గారు ఒక్కరే నా గదికి వచ్చారు. చేతిలో పళ్లెం, దాని మీద గుడ్డ, గుడ్డ కింద రేగుపళ్ల జామ్ పెట్టిన కొలాచెలనే తీపి రొట్టెలు. కార్యాలయంలో తినుబండారాలు స్వీకరించరాదని చెప్పాను.

"తినకండి. వినండి," అన్నారు. "ఆయన కళ్ల నడిమి చూపు పోతోంది. రెండేళ్లు, మహా అయితే మూడు అన్నారు డాక్టరు. మీకు చెప్పవద్దన్నారు మా ఆయన. జాలితో ఇచ్చిన అనుమతి తనకు వద్దట. మరి నాకు కావాలి, అయ్యా. జాలైనా సరే, ఏదైనా సరే."

నేనేమన్నానో ఈ సభలో చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం, వ్లాస్తా గారు ఎవరికీ చెప్పలేదు. "అమ్మా, నిబంధన సడలింపుకు గల కారణాల జాబితాలో ఆరోగ్యం లేదు," అన్నాను. జాబితా తీసి చూపించాను కూడా. ఆమె చదివారు. చివరిదాకా చదివారు. తరువాత గుడ్డను పళ్లెం మీద ఒక్కో మూలా లాగి సరిచేసి, వెళ్లిపోయారు. ఆ జాబితా తయారుచేసింది కూడా నేనే. ఒక గీత గీసి ఒక మాట చేర్చడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను నియమం తప్పిన సందర్భాలు రెండో మూడో ఉన్నాయి, వాటికి నాకెప్పుడూ నిద్ర పట్టకుండా పోలేదు. పట్టకుండా చేసింది నియమం పాటించిన ఆ రోజే.

నాలుగో ఏడాది హనాక్ గారు మళ్లీ వచ్చారు. కుర్చీ ఎక్కడుందో చేత్తో తడిమి చూసి కూర్చున్నారు. దస్త్రాన్ని ముఖానికి పక్కగా, చెవి దగ్గరికి తీసుకెళ్లి, కంటి కొసతో వెతికి, నేను రాసిన వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇంకా ఐదు సంతకాలు తక్కువ, ట్రీస్కా గారూ. ఇద్దరు ఊరొదిలారు, కొండ మీది అడవికి వారసులైన ముగ్గురు తలుపు తియ్యరు. కానీ మీరు రాసింది దృష్టి ఆనేంత దూరం అని. నా దృష్టి ఇప్పుడు ఈ బల్ల అవతలి అంచు దాకా ఆనుతోంది. అక్కడున్నది మీరొక్కరే. మీరు సంతకం పెడితే సరిపోతుంది కదా?"

పెట్టాను. ముద్ర రెండుసార్లు వేశాను, మొదటిసారి తలకిందులుగా పడింది.

కట్టడం ఒక్క వేసవిలో లేచింది. పన్నెండు తొనలూ ఏనాడో కోసి, అంకెలు వేసి కొట్టంలో పెట్టుకున్నారు. చివరి మూడింటి అంచులు మాత్రం చూపుతో కాదు, బొటనవేలితో మడిచారు. వెళ్లి తడిమి చూడండి, మిగతా తొమ్మిదికీ వాటికీ తేడా తెలియదు. పైకప్పు లేచినప్పుడు రిబ్బన్లు కట్టిన చిన్న స్ప్రూస్ చెట్టును దాని కొసన నిలపడం మన ఆచారం కదా. గుమ్మటానికి కొస లేదు, పైగా అది తిరుగుతుంది. చెట్టును చీలిక పక్కన కట్టారు. కొప్రీవా గారు రేగుపళ్ల సారా పుచ్చుకుని గుమ్మటాన్ని తోస్తుంటే, చెట్టు ఊరంతటినీ చూస్తూ మూడు చుట్లు తిరిగింది. స్తంభం చుట్టూ రెండు వేళ్ల సందు అలాగే ఉంది. పూడ్చలేదు. నేను అడగలేదు.

ఆ తరువాతి వసంతంలో, పొద్దు గుంకుతుండగా, సంతకాలు పెట్టిన వాళ్లంతా పెరటి నుంచి వీధి మలుపుదాకా వరుస కట్టారు. ఆయన పీట పక్కన నిలబడి, గుమ్మటాన్ని చేత్తో జరుపుతూ, ఒక్కొక్కరికీ "వలయంతో సహానా?" అని అడిగారు. సహానే అన్నారందరూ. వరుసలో నేనొక్కణ్నే మిగిలాక తాను కూర్చున్నారు. మండలిలో చేరిన ప్రతివారికీ ఆయన నేర్పిన మొదటి పాఠం మీకు గుర్తుంది: మసక నక్షత్రాన్ని సూటిగా చూడకు, కాస్త పక్కకు చూడు, అప్పుడు కనబడుతుంది. ఆయన పక్కకు చూశారు. ఇంకా పక్కకు చూశారు. చాలాసేపు చూశారు.

"వెలుగుంది," అన్నారు చివరికి. "వలయం లేదు." తరువాత, "ట్రీస్కా గారూ, మీరు చూసి చెప్పండి. నివేదికలా చెప్పండి, పొగడొద్దు," అన్నారు.

కన్ను ఆన్చాను. నాకు తెలిసిన భాష ఒక్కటే కదండీ. "గుండ్రని కట్టడం. లేత పసుపు రంగు. చుట్టూ వెడల్పాటి వరండా. ఆ వరండా కట్టడానికి ఎక్కడా తాకడం లేదు. నడుమ సందు. కింద స్తంభం లేదు, ఆధారం లేదు. నిలిచే ఉంది," అన్నాను.

"సందు కనబడుతోందా?" అన్నారు.

"కనబడుతోంది."

"పూడ్చమంటారా?"

(నవ్వులు)

నేను టెలిస్కోపు నుంచి తల ఎత్తలేదు. ఎత్తినా ఆయనకు నా ముఖం కనబడదని తెలుసు, అయినా ఎత్తలేదు.

అది మూడేళ్ల నాటి మాట. ఇప్పుడు ఆ వెలుగు కూడా లేదని వ్లాస్తా గారు చెప్పారు. వారు తప్పుకోవడానికి కారణం అదే, ఆహ్వానపత్రంలో "వ్యక్తిగత కారణాలు" అని వేశాం. నేను ఆపిన నాలుగేళ్లలో రెండేళ్లు ఆయన కళ్లలో వలయానికి చోటుండేది. ఆ రెండేళ్లను తిరిగి ఇచ్చే ఫారం మా విభాగంలో లేదు. వెతికాను.

హనాక్ గారూ, నా కార్యాలయానికి మీరు తొక్కిన సైకిలుకూ, నన్ను తిట్టని మీ నోటికీ కృతజ్ఞతలు. వ్లాస్తా గారూ, ఆ కొలాచె తిననందుకు క్షమించండి. ఇంతసేపు కూర్చున్న సభకు ధన్యవాదాలు. ఒక్క అధికారిక కార్యక్రమం మిగిలింది. చీలిక ముఖం ఏ దిక్కన్న గడి ఖాళీగా ఉన్నందువల్ల, ఈ కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రం నేటికీ జారీ కాలేదు. దాన్ని ఈ సభాముఖంగా జారీ చేస్తున్నాను. అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను. హనాక్ గారు కూర్చోవచ్చు.

"చీలిక ముఖం: యజమాని ముఖం తిప్పిన దిక్కు. ఈ వేధశాలలో టెలిస్కోపుకు కన్ను ఆన్చిన ప్రతి వ్యక్తీ, తాను చూసినదాన్ని, చూసినంతసేపూ, రోస్తిస్లావ్ హనాక్ గారికి వినబడునట్లు పైకి చెప్పవలెను. చెప్పనివారు చూడనట్టే పరిగణింపబడుదురు. మబ్బు పట్టిన రోజున మబ్బును చెప్పవలెను. ఈ నిబంధన మేయరుకూ, కుందేళ్ల యజమానులకూ, కట్టడాల విభాగానికీ సమానంగా వర్తించును. ఇదే తుది నిర్ణయం. దీనిపై అప్పీలు లేదు."

సెలవు.