ఒక్క కామా

గద్వాల బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీల దుకాణం. జర్మనీలో లెక్కల పోటీకి వెళ్లి నిన్ననే తిరిగొచ్చిన పదో తరగతి పిల్లను పక్కన నిలబెట్టుకుని, బడి కరస్పాండెంటు ఫ్లెక్సీ తయారు చేయిస్తున్నాడు.

"ఎన్నో స్థానం అని రాయిద్దాం బిడ్డా?"

"ఆఖరు సార్."

"గట్లెట్లయింది? ఎక్కాలు ఎనుక నుంచి గూడ చెప్తవు గద!"

"కామా ముంచింది సార్. బల్ల పొడుగు 2,500 మీటర్లని ఇచ్చిన్రు. రెండు వేల ఐదు వందలు అనుకొని చేసిన. మనం దశాంశం చుక్క పెట్టే కాడ ఆళ్లు కామా పెడ్తరంట. అంటే రెండున్నర మీటర్లే. లెక్కలన్నీ గట్లనే పోయినయ్."

"రెండున్నర కిలోమీటర్ల బల్ల యాడనన్న ఉంటదా?"

"జర్మనీ గద సార్, ఉంటదేమో అనుకున్న."

"సరే, పరేషాన్ గాకు. గద్వాల నుంచి గా పోటీకి నీకంటె ముందు ఎవరన్న పోయిన్రా?"

"లేదు సార్."

"అయితే గీ కంప్యూటర్ల ఏం రాయించిన్నో చదువు."

"'అంతర్జాతీయ లెక్కల పోటీలో ఫస్ట్ గద్వాల బిడ్డ.' ఇది నిజమే సార్."

"నిజమే. ఫస్ట్ పక్కన ఒక్క కామా పెట్టిస్త."

"పెడితే అబద్ధమైతది సార్! పోటీల నేనే ఫస్టొచ్చిన అనుకుంటరు. మా నాయన ఆటో రోజు గీడనే ఆగుతది. అందరు మిఠాయి అడుగుతరు."

"అడగనియ్. వచ్చే నెల అడ్మిషన్లున్నయ్."

"నన్ను ముంచింది గూడ కామానే గద సార్."

"గది జర్మనీ కామా బిడ్డా. ఇది మన కామా."